సెట్టింగ్స్ విండోకి కత్తెర: మా పీడీఎఫ్ రీడర్ ప్రాజెక్టు డైరీ

మేం ముగ్గురం తీరిక దొరికినప్పుడల్లా రాసుకుంటూ వస్తున్న డెస్క్‌టాప్ పీడీఎఫ్ రీడర్‌కి ఇవాళ్టికి తొమ్మిది టాబ్‌ల సెట్టింగ్స్ విండో తయారైంది. అందులో రెండు టాబ్‌లైతే స్క్రోల్ కూడా చేయాలి. చదవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాని ప్రోగ్రాంకి ఇన్ని సెట్టింగులెందుకు అని ఎవరైనా అడిగితే మా దగ్గర జవాబు లేదు, కానీ ఒక్కోదాని గురించి విడిగా అడిగితే ప్రతిదానికీ ఓ కథ ఉంది. ఎవరో అడిగారు, పెట్టాం. ఇద్దరం వాదించుకున్నాం, తెగలేదు, చెక్‌బాక్స్ పెట్టాం. పాత పద్ధతి మారిస్తే జనం తిడతారేమోనని టెన్షన్, దానికీ చెక్‌బాక్సే.

వచ్చే రిలీజ్‌లో కొత్త ఫీచర్లేవీ ఉండవు, ఈ విండోని ఒక దారికి తేవడమే పని అని తీర్మానించుకున్నాం. పని సాగుతున్న కొద్దీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు జాబితా

ఓ స్ప్రెడ్‌షీట్‌తో మొదలుపెట్టాం. ఒక్కో వరసలో ఒక్కో సెట్టింగ్: పేరు, డిఫాల్ట్ విలువ (యూజర్ ఏమీ మార్చకపోతే ఉండేది), ఎందుకు వచ్చింది, తీసేస్తే ఎవరికి ఇబ్బంది. ఇవి ఎవరైనా రాసుకునేవే. నిజంగా పనికొచ్చింది చివర్లో చేర్చిన కాలమ్: ఈ తేడా ఎవరిది? దానికి మూడే జవాబులు రాయాలని రూలు పెట్టుకున్నాం. ఒకటి, మనుషుల మధ్య తేడా: కంటిచూపు, చేతివాటం, కుడి నుంచి ఎడమకి చదివే భాష, ఇలాంటివి. రెండు, మెషీన్‌దో డాక్యుమెంట్‌దో తేడా: స్క్రీన్ సైజు, స్కాన్ చేసిన పుస్తకమా టైపు చేసిన వ్యాసమా. మూడు, మా ముగ్గురి మధ్య తేడా, అంటే మేం తేల్చుకోలేక యూజర్ నెత్తిన పెట్టేసినవి.

నింపుతూ పోతే మూడో రకానివే ఎక్కువ తేలాయి. "పేజీ కాష్ సైజు, ఎంబీల్లో" అని ఒకటుంది, అంటే గీసిన పేజీల్ని మళ్లీ వాడటానికి మెమరీలో ఎంత దాచాలి అని. ఎంత పెట్టుకుంటే మంచిదో రాసిన మాకే తెలియదు. పేజీలు ఎంత బరువో, మెషీన్‌లో ఖాళీ మెమరీ ఎంతో చూసుకుని ప్రోగ్రామే తేల్చుకోవాల్సిన సంగతి అది. "థంబ్‌నెయిల్ నాణ్యత: తక్కువ, మధ్యస్థం, ఎక్కువ" అని ఇంకోటి. థంబ్‌నెయిల్స్ గీయడం మొదలెడితే విండో మొత్తం బిగుసుకుపోయే రోజుల్లో పెట్టింది, ఇప్పుడవి వేరే థ్రెడ్‌లో, అంటే విండోని ఆపకుండా వెనక విడిగా, తయారవుతున్నాయి, ఇక తక్కువ నాణ్యత కావాలనుకునేవాళ్లెవరు? అయినా ఆ డ్రాప్‌డౌన్ అక్కడే కూర్చుని ఉంది.

ఈ వాదన పాతదే. లినక్స్‌లో వాడే గ్నోమ్ డెస్క్‌టాప్ 2002లో 2.0 వెర్షన్‌కి వచ్చేటప్పుడు సెట్టింగుల్ని బాగా కోసేసింది. అప్పట్లో గ్నోమ్ డెవలపర్ హావొక్ పెన్నింగ్టన్ రాసిన వ్యాసం సారాంశం ఏంటంటే, ప్రతి ఆప్షన్‌కీ ఒక ఖరీదుంటుంది, ఎక్కువైతే కావాల్సింది దొరకదు, టెస్టింగ్ చేతులెత్తేస్తుంది, పైగా అసలు బగ్‌ని సరిచేయకుండా దాని మీద ఓ చెక్‌బాక్స్ కప్పేసే అలవాటు వస్తుంది. 2005లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గ్నోమ్ మీద విరుచుకుపడి దాని పోటీ డెస్క్‌టాప్ కేడీఈ వాడండని జనానికి చెప్పింది కూడా ఈ గొడవ మీదే, యూజర్లని తెలివితక్కువవాళ్ల కింద లెక్కేస్తే చివరికి వాళ్లే మిగులుతారని ఆయన కోపం. ఇద్దరిలో ఎవరి పక్షం అని అడిగితే, మా మూడో రకం సెట్టింగుల దగ్గర నేను పెన్నింగ్టన్ పక్షం, మొదటి రకం దగ్గర టోర్వాల్డ్స్ పక్షం. ఇరవై ఏళ్లుగా ఈ రెండు రకాల్నీ ఒకే గాటన కట్టి కొట్టుకుంటున్నారేమో అనిపిస్తుంది నాకు.

ఎవరు ఏం మారుస్తున్నారు

మా ప్రోగ్రాం ఎవరి సమాచారాన్నీ ఎక్కడికీ పంపదు, పంపే ఉద్దేశం కూడా లేదు. కాబట్టి ఏ సెట్టింగ్ ఎంతమంది వాడుతున్నారో మాకు తెలిసే దారి లేదు. ఇష్టమున్నవాళ్లు తమ సెట్టింగులు దాచి ఉండే కాన్ఫిగ్ ఫైల్‌లోంచి ఫోల్డర్ పేర్లు, ఈమధ్య తెరిచిన ఫైళ్ల జాబితా తీసేసి పంపమని అడిగాం.

వచ్చిన ఫైళ్లన్నిటినీ డిఫాల్ట్‌తో పోల్చి చూస్తే, చాలావాటిలో మారినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్నే: చీకటి థీమ్, మొదట తెరుచుకునే జూమ్, ఆగిన పేజీ దగ్గరే మళ్లీ తెరవడం, పక్క ప్యానెల్ మూసి ఉండటం. అడగ్గానే కాన్ఫిగ్ ఫైల్ వెతికి పంపగలిగేవాళ్లంటేనే సెట్టింగుల్లో వేలుపెట్టే రకం, వాళ్లే ఇంత తక్కువ మారుస్తున్నారంటే మిగతావాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

ఒక ఫైల్ మాత్రం పూర్తిగా వేరు. దాదాపు ప్రతి విలువా మారి ఉంది. టూల్‌బార్ ఐకాన్లు పెద్దవి, పేజీ తిరిగే యానిమేషన్ ఆఫ్, కర్సర్ మందం పెంచి, సెలెక్ట్ చేసిన అక్షరాల రంగు మార్చి, జూమ్ మెట్లు తనకి కావాల్సినట్టు రాసుకుని. పంపినాయన్ని అడిగితే చూపు బాగా తక్కువనీ, ఈ ప్రోగ్రాం వాడటానికి కారణమే ఇవన్నీ మార్చుకునే వీలుండటమనీ రాశారు. జాబితాలో "ఎవరూ వాడటం లేదు" అని నేను ఎర్ర రంగు వేసిన వరసల్లో సగం ఆయనవే. ఎర్ర రంగు తీసేశాం, వాటి పక్కన "మనుషుల తేడా" అని రాశాం, ఎంతమంది వాడుతున్నారు అన్న లెక్క ఆ వరసలకి వర్తించదని కూడా రాసుకున్నాం.

ఫైల్ మారితే రీలోడ్: మూడు సెట్టింగుల కథ

ఇది కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఒక సెట్టింగ్ ఇంకోదాన్ని ఎలా కంటుందో ఇందులో బాగా కనిపిస్తుంది.

చాలామంది మా రీడర్‌ని లేటెక్‌తో, అంటే ఎడిటర్‌లో రాసినదాన్ని కంపైల్ చేసి పీడీఎఫ్‌గా మార్చే ప్రోగ్రాంతో, కలిపి వాడతారు. ఓ పక్క ఎడిటర్, ఇంకో పక్క పీడీఎఫ్, కంపైల్ కొట్టగానే కొత్త పేజీ కనపడాలి. దీనికి మా దగ్గరున్నవి: "ఫైల్ మారితే దానంతటదే రీలోడ్ చేయి", "ఎన్ని సెకన్లకోసారి చూడాలి", "రీలోడ్ చేసే ముందు అడుగు". చరిత్ర తవ్వితే తేలిందేంటంటే, మొదట్లో టైమర్ పెట్టి ఫైల్ మారిందా లేదా అని చూసేవాళ్లం. కొందరికి అది ఆలస్యంగా అనిపించింది, సెకన్ల సెట్టింగ్ వచ్చింది. సెకన్లు తగ్గించుకున్నవాళ్లకి ఇంకో తిప్పలు, కంపైలర్ ఫైల్‌ని సగం రాసి ఉండగానే మేం వెళ్లి తెరిచేస్తాం, "ఫైల్ పాడైంది" అని ఎర్రర్ పెట్టె, పేజీ ఖాళీ, తర్వాత మళ్లీ తెరుచుకున్నా మొదటి పేజీకి పోవడం. దానికి విరుగుడుగా "ముందు అడుగు". నిమిషానికోసారి అడుగుతుంటే ఎవరికి ఓపిక, అందుకని మొత్తం ఆపేసే చెక్‌బాక్స్. మూడు సెట్టింగులూ కలిపితే ఒక్క బగ్.

టైమర్ తీసేసి, ఫైల్ మారినప్పుడు ఆపరేటింగ్ సిస్టమే చెప్పేలా మేం వాడే ప్రోగ్రామింగ్ లైబ్రరీ క్యూటీలో ఉన్న ఫైల్ వాచర్ వాడాం. దాంట్లో ఒక మెలిక ఉంది. చాలా ప్రోగ్రాములు సేవ్ చేసేటప్పుడు పాత ఫైల్‌లో రాయవు, కొత్తది పక్కన రాసి, దానికి పాతదాని పేరు పెట్టేస్తాయి. ఫైల్ పేరు మారినా, చెరిగిపోయినా క్యూటీ వాచర్ దాన్ని చూడటం మానేస్తుంది, డాక్యుమెంటేషన్‌లో ఆ సంగతి రాసే ఉంది. అంటే మొదటిసారి రీలోడ్ అవుతుంది, ఆ తర్వాత నిశ్శబ్దం. కాబట్టి ఫైల్‌తో పాటు అది ఉన్న ఫోల్డర్‌ని కూడా చూడాలి. మార్పు వచ్చిందని తెలిశాక వెంటనే తెరవకుండా ఫైల్ సైజు నిలకడగా ఉందా అని క్షణం ఆగి, చివరి భాగం చదువుతాం. పీడీఎఫ్‌లో ఏ వస్తువు ఎక్కడుందో చెప్పే పట్టిక అడ్రసు ఫైల్ చివర్లో ఉంటుంది, దాని తర్వాత ముగింపు గుర్తు, అవి లేవంటే రాయడం ఇంకా పూర్తికాలేదన్నమాట. అప్పటిదాకా పాత పేజీయే తెర మీద ఉంటుంది. కొత్తది సరిగ్గా తెరుచుకున్నాకే మార్పిడి, చదువుతున్న చోటు కదలకుండా.

మా టీమ్‌లో టెస్టింగ్ చూసే ఆవిడకి ఇచ్చాను. కాసేపు కంపైల్ మీద కంపైల్ కొట్టి, "బాగానే ఉంది గానీ, ఫైల్ నెట్‌వర్క్ డ్రైవ్‌లో ఉంటే?" అంది.

"ఉంటే ఏమవుతుంది?"

"నువ్వే చెప్పు. అవతల మెషీన్‌లో మారితే నీ మెషీన్‌కి ఎవరు కబురు చెప్తారు?"

నిజమే. లినక్స్‌లో ఈ కబురు చెప్పే ఐనోటిఫై, నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్‌లో అవతలి వైపు జరిగిన మార్పుల్ని పట్టుకోలేదు. వెంటనే నా నోట వచ్చిన మాట "అయితే నెట్‌వర్క్ డ్రైవ్‌కి ఓ చెక్‌బాక్స్ పెడదాం". అందరం నవ్వుకున్నాం. చివరికి ఫైల్ ఏ రకం డ్రైవ్‌లో ఉందో ప్రోగ్రామే చూసుకుని, నెట్‌వర్క్ అయితే పాత టైమర్‌కి మారిపోయేలా రాశాం. మూడు సెట్టింగులూ పోయాయి.

పోయాయంటే, కష్టం ఎక్కడికీ పోలేదు, మా కోడ్‌లోకి వచ్చింది. కంప్యూటర్ శాస్త్రవేత్త లారీ టెస్లర్ ఎప్పుడో చెప్పిన మాటే ఇది, ప్రతి అప్లికేషన్‌లోనూ ఎంత చేసినా తగ్గని చిక్కు కొంత ఉంటుంది, దాన్ని ప్రోగ్రామర్ మోస్తాడా యూజర్ మోస్తాడా అన్నదొక్కటే మిగిలే ప్రశ్న. చెక్‌బాక్స్ రాయడం ఓ పూట పని, ఇది రాయడానికి చాలా రోజులు పట్టింది.

కలయికల లెక్క

డిస్‌ప్లే టాబ్‌లో పన్నెండు చెక్‌బాక్సులున్నాయి. ఒక్కోటి ఆన్ లేదా ఆఫ్, అంటే రెండుని పన్నెండుసార్లు హెచ్చిస్తే 4,096 రకాల ప్రోగ్రాములు మేం రిలీజ్ చేస్తున్నట్టు. ఇరవై ఉంటే పది లక్షలు దాటుతుంది. ముగ్గురం కలిసి వాడి చూసేది అందులో మహా అయితే ఓ అరడజను.

ఎంతో కాలంగా తెగని బగ్ ఒకటుండేది, పేజీ మీద అక్షరాలు సెలెక్ట్ చేస్తే పక్క పేజీలోవి సెలెక్ట్ అవుతున్నాయని ఒకరు రాశారు, మా ఎవరి దగ్గరా రావట్లేదు. ఈ ప్రాజెక్టులో భాగంగా కాన్ఫిగ్ ఫైళ్లు చేతికొచ్చాక గానీ తెలియలేదు. రెండు పేజీలు పక్కపక్కన, కుడి నుంచి ఎడమకి, అంచులు కత్తిరించి చూపించు, ఈ మూడూ కలిస్తేనే వస్తుంది. విడివిడిగా మూడూ బాగా పనిచేస్తాయి. ఇందులో కుడి నుంచి ఎడమ తీసేయగలిగింది కాదు, అరబిక్ చదివేవాళ్లకీ జపనీస్ కామిక్స్ చదివేవాళ్లకీ అది అవసరం. రెండు పేజీలూ కావాలి. అంచుల కత్తిరింపు సంగతి చివర్లో చెప్తాను.

ఓ చిన్న పక్కదారి. సెట్టింగులు తగ్గించాలనే ప్రతి వాదనలోనూ హిక్ సూత్రం అని ఒకటి వచ్చి వాలుతుంది. సైకాలజిస్ట్ విలియం ఎడ్మండ్ హిక్ 1952లో చేసిన ప్రయోగంలో దీపాలు వెలిగితే వాటికి సంబంధించిన మీటలు నొక్కాలి. ఎంపికలు పెరిగేకొద్దీ టైం పెరుగుతుంది గానీ, రెట్టింపైన ప్రతిసారీ ఒకే కొలతలో పెరుగుతుంది. అక్కడ మనిషికి ఏ దీపానికి ఏ మీటో ముందే తెలుసు. సెట్టింగ్స్ విండోలో మనిషికి తనకి కావాల్సినదాని పేరు కూడా తెలియదు, ఒక్కో వాక్యం చదివి ఇదేనా కాదా అని తేల్చుకుంటూ పోవాలి, అందుకే ఆప్షన్లు రెట్టింపైతే వెతుకులాట కూడా దాదాపు రెట్టింపవుతుంది. మా పరిస్థితి హిక్ సూత్రం చెప్పేదానికంటే అధ్వాన్నం.

"అడ్వాన్స్‌డ్" బటన్ ఎందుకు వద్దనుకున్నాం

అందరికీ మొదట తట్టే ఐడియా ఇదే. కొన్ని పైకి, మిగతావి "అడ్వాన్స్‌డ్" వెనక్కి. వీడియో ప్లేయర్ వీఎల్‌సీలో ప్రిఫరెన్సెస్ తెరిస్తే కింద సింపుల్, ఆల్ అని రెండు కనిపిస్తాయి కదా, అలాంటిదే మేమూ నమూనాగా చేసి తెలిసినవాళ్ల ముందు పెట్టాం. ప్రతి ఒక్కరూ ముందు "అన్నీ" నొక్కారు. కావాల్సింది పై పేజీలోనే ఉన్నా సరే. మనకి చూపించకుండా ఏదో దాచారు అన్న అనుమానం వచ్చాక మనిషి ఊరుకోడు. పైగా అడ్వాన్స్‌డ్ అన్న డబ్బా ఉంటే మాకూ బద్ధకం, ఏది తేల్చుకోలేకపోయినా అందులో పడేయొచ్చు.

ప్రోగ్రామే గమనించి వాడనివాటిని దాచేయడం ఇంకో దారి. ఆఫీస్ 2000లో మెనూలు అలాగే ఉండేవి, తరచుగా వాడనివి కనిపించేవి కావు, కింద బాణం నొక్కితే బయటికొచ్చేవి. ఆఫీస్ 2007లో రిబ్బన్ వచ్చి ఆ పద్ధతిని పక్కన పెట్టేసింది. నిన్న ఉన్నచోట ఇవాళ లేకపోతే చేతికి అలవాటు ఎలా పడుతుంది? దీని మీద మా మధ్య వాదన కూడా రాలేదు.

ఫైర్‌ఫాక్స్ 2013లో 23వ వెర్షన్‌లో చేసిన పని మాత్రం మాకు బాగా నచ్చింది. జావాస్క్రిప్ట్ ఆన్-ఆఫ్ చేసే చెక్‌బాక్స్‌ని మామూలు సెట్టింగుల్లోంచి తీసేశారు. ఆ ఒక్క టిక్ తీసేస్తే సగం వెబ్‌సైట్లు పనిచేయవు, ఎప్పుడు తీశామో గుర్తుండదు, బ్రౌజర్ చెడిపోయిందనుకుంటాం. కావాల్సినవాళ్లకి మాత్రం లోపలి సెట్టింగులుండే ఎబౌట్ కాన్ఫిగ్ పేజీలో అది అలాగే ఉంచారు. తీసేయడం, దాచడం, చూపించడం, ఈ మూడింటి మధ్య గీత ఎక్కడ గీయాలో దీంట్లోంచి ఒక ప్రశ్న తయారుచేసుకున్నాం: పొరపాటున నొక్కితే, ఏం నొక్కామో మర్చిపోయాక, మనిషి తిరిగి దారి కనుక్కోగలడా? కనుక్కోలేడంటే అది విండోలో ఉండకూడదు. మా దగ్గర "హార్డ్‌వేర్ యాక్సెలరేషన్" (పేజీ గీసే పని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించడం) అలాంటిదే. కాన్ఫిగ్ ఫైల్‌లోకి పంపేశాం, ఫైల్ పక్కనే ప్రతి విలువకీ వివరణ రాసిన సహాయం పేజీతో సహా.

పని జరిగేచోటికి తరలింపు

సెట్టింగ్స్ విండోలో ఉన్నవాటిలో కొన్ని అసలు సెట్టింగులే కావు. "చీకటి థీమ్‌లో బొమ్మల రంగులు కూడా తిరగెయ్" అని ఒక చెక్‌బాక్స్. స్కాన్ చేసిన పుస్తకమైతే పేజీ మొత్తం బొమ్మే, తిరగేయకపోతే చీకటి థీమ్ ఉన్నా తెల్లగా కళ్లలో కొడుతుంది. ఫొటోలున్న పత్రిక అయితే తిరగేస్తే మనుషుల మొహాలు దెయ్యాల్లా కనిపిస్తాయి. ఇది మనిషికీ మనిషికీ మధ్య తేడా కానే కాదు, అదే మనిషి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చదువుతాడు. విండోలోంచి తీసి టూల్‌బార్ మెనూలో పెట్టాం, ఏ డాక్యుమెంట్‌కి ఏది ఎంచుకున్నారో దానికే గుర్తుంటుంది. "అట్టని విడిగా చూపించి రెండో పేజీ నుంచి జతలు కట్టు" కూడా అంతే, "పేజీ వెడల్పుకి సరిపెట్టు" కూడా అంతే.

థీమ్‌ల దగ్గర ఆరు రంగుల పెట్టెలుండేవి. ఇప్పుడు సిస్టమ్‌ని అనుసరించు, వెలుతురు, చీకటి, ఈ మూడే. క్యూటీ 6.5 నుంచి సిస్టమ్ చీకటిలో ఉందో వెలుతురులో ఉందో నేరుగా అడిగి తెలుసుకోవచ్చు, ఇదివరకు మేం రాసుకున్న అడ్డదారి కోడ్ చాలా వరకు చెరిపేశాం. కాగితం రంగు ఒక్కటి మాత్రం ఉంచాం, లేత పసుపు మీద తప్ప చదవలేనివాళ్లు నిజంగా ఉన్నారు.

కాన్ఫిగ్ ఫైల్ లోపల

బయటికి కనపడని పని గానీ దీని గురించి రాయకపోతే పొరపాటు. మా పాత కోడ్‌లో సెట్టింగ్స్ విండోలో ఓకే నొక్కగానే ఉన్న విలువలన్నీ, మారినవీ మారనివీ, మొత్తం ఫైల్‌లోకి రాసేసేది. దీని వల్ల జరిగేది ఏంటంటే, జూమ్ ఒక్కటి మార్చుకున్న యూజర్ ఫైల్‌లో ఆనాటి డిఫాల్ట్‌లన్నీ బిగుసుకుపోతాయి. రెండేళ్ల తర్వాత మేం ఒక డిఫాల్ట్‌ని మెరుగుపరిస్తే అది కొత్తగా వేసుకున్నవాళ్లకే అందుతుంది, పాతవాళ్లకి అందదు, వాళ్లేదో కావాలని పాతది ఎంచుకున్నట్టు.

సెట్టింగులు తగ్గించాలంటే డిఫాల్ట్‌లు బాగుండాలి, డిఫాల్ట్‌లు బాగుండాలంటే వాటిని మార్చే స్వేచ్ఛ మాకుండాలి. కాబట్టి ఇప్పుడు యూజర్ తాకినవి మాత్రమే ఫైల్‌లోకి వెళ్తాయి. ప్రోగ్రామర్లు వాడే వీఎస్ కోడ్ ఎడిటర్ సెట్టింగ్స్ ఫైల్ కూడా ఇలాగే, మార్చుకున్నవే అందులో ఉంటాయి. ఇందులోనూ ఒక సందేహం వచ్చింది, ఎవరైనా విలువ మార్చి, మళ్లీ డిఫాల్ట్ విలువకే తెస్తే? విలువ డిఫాల్ట్‌తో సమానంగా ఉందని చెరిపేయడం తప్పు, అతను దాన్ని చేత్తో ఎంచుకున్నాడు, రేపు డిఫాల్ట్ మారినా అతనికి మారకూడదు. కాబట్టి చేత్తో ఎంచుకుంటే రాస్తాం, పక్కనున్న "రీసెట్" నొక్కితేనే చెరుపుతాం. తీసేసిన పాత సెట్టింగుల పేర్లు ఫైల్‌లో కనిపిస్తే పట్టించుకోం, కానీ చెరపం. కొత్త వెర్షన్ నచ్చక పాతదానికి వెళ్లేవాళ్లకి వాళ్ల అమరిక అలాగే దొరకాలి.

కొత్త విండో

టాబ్‌లు లేవు. ఒకటే పొడవాటి పేజీ, పైన వెతికే పెట్టె. వెతుకులాట పేర్లతోనే కాకుండా, జనం వాడే మాటలతో కూడా కుదరాలని ఒక్కో సెట్టింగ్‌కి అదనపు పదాలు రాశాం, "చీకటి" అన్నా "రాత్రి" అన్నా "నలుపు" అన్నా థీమే రావాలి. మార్చిన ప్రతిదాని పక్కనా ఒక చుక్క, దాని మీద నొక్కితే రీసెట్. కేడీఈ ప్లాస్మా 5.20లో, అంటే 2020లో, మార్చిన సెట్టింగుల్ని వేరుగా చూపించే సదుపాయం పెట్టారు, అది చూశాకే ఈ ఆలోచన వచ్చింది. ఎవరైనా "నా దగ్గర వింతగా ఉంది" అని రాస్తే ఇకమీదట మొదటి ప్రశ్న, చుక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయి?

ఓకే, క్యాన్సిల్, అప్లై బటన్లు తీసేశాం, మార్చగానే వెనక పేజీలో కనిపిస్తుంది. క్యాన్సిల్ లేకపోతే ఎలా అని మూడో అతను పట్టుబట్టాడు, సగం రోజు దాని మీదే పోయింది. విండో తెరిచాక చేసిన మార్పుల్ని ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకునే అన్‌డూ పెట్టి ఒప్పించాం. నాకైతే ఇదే క్యాన్సిల్ కంటే బాగుంది, ఎందుకంటే క్యాన్సిల్ అన్నిటినీ కలిపి తుడిచేస్తుంది.

"చూపించవద్దు", "అడగవద్దు" లాంటి తలకిందుల చెక్‌బాక్సులన్నీ తిరగరాశాం. టిక్ పెడితే జరుగుతుంది, తీస్తే జరగదు, అంతే.

బీటా, తిట్లు

రిలీజ్‌కి ముందు పరీక్షకి బీటా వెర్షన్ వదిలాక ఊహించినట్టే తిట్లు వచ్చాయి, ఊహించినంత రాలేదు. రీలోడ్ సెట్టింగులు ఏమయ్యాయని ఒక్కరు కూడా అడగలేదు. థంబ్‌నెయిల్ నాణ్యత పోయిందని ఎవరికీ తెలిసినట్టు కూడా లేదు. టూల్‌బార్ బటన్లని లాగి అమర్చుకునే వీలు తీసేస్తారా అని ఒకాయన కోప్పడ్డారు, తీయలేదు, మౌస్ కుడి బటన్ నొక్కితే వస్తుంది, విండోలోంచి అక్కడికి మారింది అని చెప్పాక సర్దుకున్నారు. ఆ ఒక్క మార్పు గురించి రిలీజ్ నోట్స్‌లో పెద్ద అక్షరాలతో రాయాలి.

నిజమైన ఫిర్యాదు మౌస్ చక్రం గురించి వచ్చింది. ఒక్క మెట్టుకి ఎన్ని వరసలు జరగాలి అన్న సెట్టింగ్ తీసేశాం, అది ఆపరేటింగ్ సిస్టమ్ చూసుకోవాల్సిన పని కదా అని. సూత్రం సరైనదే. కానీ చక్రం వేగం మార్చుకునే వీలు ప్రతి డెస్క్‌టాప్‌లోనూ ఉండదు, అది లేనిచోట మా సెట్టింగే వాళ్లకి దిక్కు. ఒకామె రాసింది, "మణికట్టు నొప్పితో వేలు ఎక్కువసార్లు తిప్పలేను, దయచేసి తిరిగి పెట్టండి" అని. మా జాబితాలో దీని పక్కన "మెషీన్ తేడా" అని రాసుంది. మార్చి, స్లైడర్ రూపంలో తిరిగి పెట్టేశాం. స్క్రోల్ నునుపు, జారుడు లాంటి దాని చుట్టాలు మాత్రం తిరిగి రావడం లేదు.

మిగిలింది

అంచుల కత్తిరింపు ఇంకా తేలలేదు. స్కాన్ చేసిన పుస్తకాల్లో చుట్టూ తెల్లటి ఖాళీ చాలా ఉంటుంది, కత్తిరిస్తే చిన్న స్క్రీన్ మీద అక్షరాలు పెద్దగా కనిపిస్తాయి. ప్రోగ్రామే అంచులు కనుక్కుంటే సరి అనుకున్నాం, కానీ పేజీ అంచున పెన్సిల్‌తో రాసిన నోట్స్ ఉన్న స్కాన్‌లలో అదీ అంచే అనుకుని కోసేస్తోంది, కొన్నిటిలో పేజీ నంబర్లు కూడా. ఒక్కో పేజీకి విడిగా లెక్కేస్తే పేజీ తిప్పినప్పుడల్లా సైజు ఎగిరెగిరి పడుతోంది. ఎడమ పేజీలన్నిటికీ ఒకటి, కుడి పేజీలన్నిటికీ ఒకటి లెక్కేసే కోడ్ ఇప్పుడు వేరే బ్రాంచ్‌లో, అంటే కోడ్ విడి ప్రతిలో, నడుస్తోంది, ఫర్వాలేదనిపిస్తోంది. "ఎంత శాతం కత్తిరించాలి" అన్న పాత నాలుగు అంకెల పెట్టెలు ఉంచుదామని మూడో అతను, కోడ్ సరిగ్గా వచ్చేదాకా అసలు ఫీచర్నే ఆపుదామని టెస్టింగ్ ఆవిడ. నేను ఆవిడ వైపు. కొత్త కోడ్‌ని మరిన్ని స్కాన్‌ల మీద నడిపి చూశాక ఓటు పెడతాం, ఈలోగా ఈ రిలీజ్‌కి ఆ నాలుగు పెట్టెలు కాన్ఫిగ్ ఫైల్‌లో ఉంటాయి, విండోలో ఉండవు.